ఇవాళ ఎవరు ఆడుతున్నారు?

నా దగ్గర ఒక స్కోరు పుస్తకం ఉంది. పొడుగ్గా, స్పైరల్ బైండింగుతో, అట్ట మూలలు నలిగిపోయి ఉంటుంది. మొదటి పేజీ మీద తేదీ 2009 ఏప్రిల్ 6. సిన్సినాటిలో బేస్‌బాల్ ఆట. న్యూయార్క్‌లోని ఫ్లషింగ్‌లో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని రాసుకున్నాను. రెయెస్, మర్ఫీ, రైట్, డెల్గాడో, బెల్ట్రాన్, చర్చ్, ష్నైడర్, కస్తీయో, బంతి వేసే పిచ్చర్ సంటానా. పెన్సిలుతో గుండ్రంగా రాసిన తొమ్మిది పేర్లు. ఆ రోజు మా జట్టు న్యూయార్క్ మెట్స్ 2-1తో గెలిచింది. అదే పుస్తకంలో ఆగస్టు చివరి పేజీలు తిరగేస్తే ఆ తొమ్మిది మందిలో ఇద్దరో ముగ్గురో మిగిలారు. మధ్యలో ఏం జరిగిందో, ఆ జట్టుతో నేను ఎలా ఉండిపోయానో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మేం ఫ్లషింగ్‌కి వచ్చింది 2006 సెప్టెంబరులో, మావారి ఉద్యోగం కోసం. నాకు అప్పటికి బేస్‌బాల్ అంటే ఏమీ తెలియదు. క్రికెట్ తెలుసు, అది కూడా నాన్న వల్ల. తెనాలిలో మా ఇంట్లో రేడియో పక్కన కూర్చుని స్కోరు కాగితం మీద రాసిపెట్టడం చిన్నప్పుడు నా డ్యూటీ. ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఎవరు ఔటయ్యారో చెప్పాలి. ఇక్కడికి వచ్చిన నెలకి, మా పై ఫ్లాట్ పెద్దాయన ఒకరు పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టారు. మెట్స్ అప్పటి స్టేడియం షే 1964లో తెరిచినప్పటి నుంచి ఆటలు చూస్తున్న మనిషి. ఆ రాత్రి అక్టోబర్ 19. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో ఏడో ఆట, గెలిస్తే వరల్డ్ సిరీస్ అనే ఫైనల్. చివర్లో బేస్‌లన్నీ మనవాళ్ళతో నిండి ఉన్నాయి. బెల్ట్రాన్ బ్యాట్ కదపకుండా నిలబడి చూస్తుండగా వంకర బంతి ఒకటి వచ్చి మూడో స్ట్రైక్ అయిపోయింది, అంటే ఔట్. పెద్దాయన ఏమీ అనలేదు. లేచి టీవీ కట్టేసి, నాకు కాఫీ పెట్టి ఇచ్చారు. మర్నాడు ఆయనే స్కోరు ఎలా రాయాలో నేర్పారు. ఫీల్డింగ్‌లో ఒక్కో స్థానానికి ఒక్కో అంకె. షార్ట్‌స్టాప్‌కి ఆరు, సెకండ్ బేస్‌కి నాలుగు, ఫస్ట్ బేస్‌కి మూడు. బంతి ఆ ముగ్గురి చేతులూ మారి ఇద్దరు ఔటైతే 6-4-3 అని రాయాలి. బ్యాట్ కదపకుండా ఔటైతే 'కె' అక్షరం తిప్పి రాయాలి. నేను నేర్చుకున్న మొదటి తిరగేసిన 'కె' బెల్ట్రాన్‌దే.

ఆ తర్వాత 2007లో 17 ఆటలు మిగిలి ఉండగా 7 ఆటల ఆధిక్యం ఉండి కూడా మెట్స్ చివరి రోజు ఫ్లోరిడా జట్టు చేతిలో ఓడిపోయారు. 2008లో కూడా అంతే. చివరి రోజు, అదే ఫ్లోరిడా జట్టు చేతిలో, షే స్టేడియంలో ఆఖరి ఆటే ఓడారు. కొత్త స్టేడియం సిటీ ఫీల్డ్ 2009లో తెరిచారు. ఈసారి మన ఏడాది అని ఏడో నంబరు రైల్లో ఎక్కిన ప్రతివాళ్ళూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

బేస్‌బాల్ గురించి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఏడాదికి 162 ఆటలు. అప్పట్లో ఏప్రిల్ నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా దాదాపు రోజూ ఆటే. క్రికెట్ వరల్డ్ కప్ లాగా పెళ్ళి భోజనం కాదిది, రోజూ ఇంట్లో వండుకునే అన్నం. బాగున్నా తింటాం, మాడినా తింటాం. ఆ రోజువారీతనమే నన్ను కట్టిపడేసింది. ఆఫీసు నుంచి వచ్చి, కుక్కర్ పెట్టి, 7:10కి టీవీ పెడితే గ్యారీ కోహెన్, కీత్ హెర్నాండెజ్, రాన్ డార్లింగ్ గొంతులు వినిపించేవి. చివరి ఇద్దరూ 1986లో మెట్స్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆడినవాళ్ళే. ఆ ముగ్గురూ మా ఇంట్లో మనుషులైపోయారు.

మాకు రాత్రి 7:10 అంటే తెనాలిలో తెల్లవారుజామున 4:40. నాన్న లేచే టైము. అమ్మ పోయాక ఆయనకి ఆ గంట మరీ ఖాళీగా ఉండేది. అందుకే నేను కాలింగ్ కార్డుతో అప్పుడే ఫోన్ చేసేదాన్ని. ఆట మొదలవుతుంటే నేను చెప్పేది ఆయన వినేవారు. రెండేళ్ళలో ఆయనకి ఆటంతా వచ్చేసింది, ఒక్క ఆట కూడా కంటితో చూడకుండానే.

మొదటి దెబ్బ డెల్గాడోది. మే నెలలో తుంటికి ఆపరేషన్ అన్నారు. 2008లో 38 హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, కొట్టిన మనిషి 26 ఆటలకే ఆగిపోయాడు. నాకు ఆ లోటు సరిగ్గా తెలిసింది మే 18న, లాస్ ఏంజెలిస్‌లో ఆట. అక్కడి ఆటలు మాకు రాత్రి పదికి మొదలవుతాయి. పదకొండో ఇన్నింగ్స్‌లో చర్చ్ పరుగెత్తుతూ మూడో బేస్ తొక్కకుండా వెళ్ళిపోయాడు, వచ్చిన రన్ పోయింది. ఆ తర్వాత డెల్గాడో ఉండాల్సిన ఫస్ట్ బేస్‌లో జెరెమీ రీడ్ అనే, మామూలుగా దూరంగా నిలబడే ఔట్‌ఫీల్డర్ ఉన్నాడు. బంతి నేరుగా అతని దగ్గరికే వచ్చింది. రన్ పూర్తయ్యే హోమ్ బేస్‌కి విసిరాడు, పక్కకి పోయింది. 3-2తో ఓడాం. అర్ధరాత్రి దాటి ఒకటిన్నర ప్రాంతం. అతన్ని ఒక్క మాట కూడా అనలేకపోయాను. వేరేవాళ్ళ కుర్చీలో కూర్చోబెట్టి నువ్వెందుకు తూలావు అంటే ఎలా?

రెండు రోజులకి రెయెస్. కాలి పిక్క పట్టేసిందన్నారు. అప్పట్లో గాయపడినవాళ్ళని పెట్టే జాబితాని డిసేబుల్డ్ లిస్టు అనేవారు, కనీసం పదిహేను రోజులు. పదిహేను రోజులే కదా అనుకున్నాం. కోలుకుంటూ పరుగెత్తినప్పుడు తొడ వెనక నరం చిరిగింది. వచ్చే వారం వస్తాడు, పై వారం వస్తాడు అంటూనే ఏడాది గడిచింది. మొత్తం 36 ఆటలు. రెయెస్ బేస్‌ల మధ్య పరుగెత్తుతుంటే హెల్మెట్ ఊడి జుట్టు ఎగిరేది. ఆ పరుగు చూడటానికే టిక్కెట్ కొనేవాళ్ళు ఉన్నారు, నాతో కలిపి.

జూన్‌లో మోకాలి ఎముకకి దెబ్బతో బెల్ట్రాన్ పోయాడు. పిచ్చర్లలో పుట్జ్‌కి మోచెయ్యి, మెయిన్‌కి భుజం, పెరెజ్‌కి మోకాలు. కోరాకి ఒక బొటనవేలి లిగమెంట్ తెగితే కట్టుకుని ఆడాడు, తర్వాత రెండోదీ తెగింది. ఆగస్టులో కుర్ర పిచ్చర్ నీస్ ఫస్ట్ బేస్ దగ్గర కాళ్ళు చాచి బంతి అందుకుంటూ తొడ నరం తెంపుకున్నాడు. లేచి, ఫర్వాలేదని ఒక బంతి వేసి చూశాడు. వేసిన చోటే కూలిపోయాడు. ఒక్కొక్కరు పడినప్పుడల్లా చిన్న లీగు జట్టున్న బఫెలో నుంచి ఇంకొకరు బ్యాగు పట్టుకుని వచ్చేవారు.

నాన్న రోజూ అడిగే మొదటి ప్రశ్న "ఇవాళ ఎవరు పడ్డారమ్మా?" అయిపోయింది. నేను చెబుతుంటే ఆయన నాలుక చప్పరించడం ఫోన్‌లో వినిపించేది.

జూన్ 12 గురించి రాయకుండా ఉండలేను. న్యూయార్క్‌లోనే ఉన్న ఇంకో జట్టు యాంకీస్ స్టేడియంలో శుక్రవారం రాత్రి. తొమ్మిదో ఇన్నింగ్స్, 8-7తో మనం ముందున్నాం, ఇద్దరు ఔటయ్యారు, ఇంకొక్కరైతే ఆట మనదే. అలెక్స్ రోడ్రిగెజ్ కొట్టిన బంతి నిట్టనిలువుగా లేచింది. సెకండ్ బేస్ ఆటగాడు కస్తీయో దాని కింద నిలబడ్డాడు. నేను పుస్తకంలో నాలుగు అంకె రాసేశాను కూడా. బంతి గ్లవ్‌లో పడి, బయటికి దొర్లింది. ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. 9-8. రాసిన నాలుగుని చెరిపితే కాగితం చిరిగింది. ఆ చిరుగు ఇప్పటికీ ఉంది.

"ఒక చేత్తో పట్టాడా?" అన్నారు నాన్న.

"అవును నాన్నా."

"అయ్యో. రెండు చేతులూ పెట్టాల్సింది." ఒక నిమిషం ఆగి, "రేపు ఆడతాడా?" అన్నారు.

"ఆడతాడు."

"అయితే మంచిదే. ఆడకపోతేనే కష్టం."

కస్తీయోని ఊరంతా తిట్టింది. అతను ఆ రాత్రి తప్పు నాదే అని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆ ఏడాది .302 బ్యాటింగ్ సగటుతో, అంటే పదిసార్లకి మూడుసార్లు హిట్ కొడుతూ, 142 ఆటలు ఆడాడు. అందరూ పడిపోయిన సంవత్సరంలో నిలబడి రోజూ గ్రౌండ్‌లోకి వచ్చినవాడు అతను. ఆ ఒక్క బంతి గురించే గుర్తుపెట్టుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఆఫీసులో చాలామంది యాంకీస్ అభిమానులు. వాళ్ళకి కూడా అదే ఏడాది కొత్త స్టేడియం, వాళ్ళు దున్నేస్తున్నారు. "నువ్వు ఇక్కడ పుట్టినదానివి కాదు కదా, మారిపోతే ఎవరేమంటారు?" అని మంచిగానే అడిగింది ఒకావిడ. ఆలోచించాను, నిజంగానే. నాకు తాతల నాటి బంధం లేదు. కానీ ఇంటి దగ్గర స్టేషన్లో రైలెక్కితే మొదటి స్టాపే ఆ స్టేడియం. పై ఫ్లాట్ పెద్దాయన మెట్ల మీద కనిపిస్తే మొదట మాట్లాడుకునేది ఆ ఆట గురించే. నాన్న తెల్లవారుజామున లేచి ఎదురుచూసేది కూడా ఆ స్కోరు కోసమే. ఊళ్ళో పక్కింటాయన ఆస్పత్రిలో పడితే ఇంకో వీధికి మారిపోతామా? అదే చెప్పాను ఆవిడకి. ఆవిడ నవ్వి మళ్ళీ అడగలేదు.

ఆగస్టు 15 శనివారం. స్టేడియంలో ఉన్నాను. శాన్ ఫ్రాన్సిస్కో జట్టుతో ఆట. అప్పటికి రెయెస్, డెల్గాడో, బెల్ట్రాన్, రైట్ అనే నలుగురు పెద్ద ఆటగాళ్ళలో మిగిలింది డేవిడ్ రైట్ ఒక్కడే. మ్యాట్ కెయిన్ వేసిన బంతి, గంటకి 90 మైళ్ళ పైన, నేరుగా తల మీదకి వచ్చింది. హెల్మెట్‌కి తగిలిన చప్పుడు పై అంతస్తులో నా సీటు దాకా వినిపించింది. హెల్మెట్ ఎగిరి పడింది. అతను మట్టిలో బోర్లా పడి కదల్లేదు. అంతమంది జనం ఒక్కసారిగా మాట పోగొట్టుకున్నారు. లాగార్డియాలో దిగుతున్న విమానం శబ్దం ఒక్కటే మా తలల మీద నుంచి వెళ్ళింది. నా ముందు వరసలో రైట్ అయిదో నంబరు చొక్కా వేసుకున్న పాప వాళ్ళ నాన్న చొక్కా పట్టుకుంది. రైట్ లేచి, ఇద్దరి ఆసరాతో నడిచి వెళ్ళేదాకా నేను చేతిలో పెన్సిలు వదల్లేదు, ఏమీ రాయలేదు. ఆ గడి ఇప్పటికీ ఖాళీగా ఉంది. బంతి తగిలితే ఏం రాయాలో తెలుసు. రాయబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి నాన్నకి చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే. మరి రేపు ఎవరు ఆడుతున్నారు?" అన్నారు.

మూడు నెలల్లో ఆ ప్రశ్న మొదటిసారి మారింది. నేను లిస్టు చదివాను. పగాన్, కస్తీయో, మర్ఫీ, ఫ్రాంకూర్, తాతీస్, సాంటోస్. ఆయన ఒక్కొక్కరి గురించి అడిగారు. ఈ పగాన్ ఎవరు, ఎక్కడివాడు, ఎలా ఆడతాడు? సగం మంది గురించి నా దగ్గర జవాబు లేదు. వాళ్ళు ఎదురుగా రోజూ ఆడుతున్నా, నేను లేనివాళ్ళ కోసమే చూస్తూ కూర్చున్నానని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి కూర్చుని ఒక్కొక్కరి గురించి చదివాను. పగాన్ ప్యూర్టో రికోవాడు, మొదట్లో మెట్స్ చిన్న లీగుల్లోనే పెరిగి, వేరే జట్టుకి వెళ్ళి, తిరిగొచ్చాడు. ఓమిర్ సాంటోస్ ఏళ్ళ తరబడి చిన్న లీగుల్లో క్యాచర్‌గా మోకాళ్ళ మీద కూర్చుని, మే నెలలో బోస్టన్‌లో పాపెల్బన్ బౌలింగ్‌లో హోమ్ రన్ కొట్టి ఆట గెలిపించినవాడు. మర్నాటి నుంచి నాన్నకి చెప్పడానికి నా దగ్గర చాలా ఉండేది.

ఆగస్టు 23, వినాయక చవితి. పొద్దున్నే బౌన్ స్ట్రీట్ గణపతి గుడికి వెళ్ళాం. ఇసుక వేస్తే రాలనంత జనం. పూజ అయ్యాక కింద క్యాంటీన్‌లో దోశ తిని, ఇంటికొచ్చి టీవీ పెట్టేసరికి ఫిలడెల్ఫియాతో ఆట మొదలవబోతోంది. అవతలి పిచ్చర్ పెడ్రో మార్టినెజ్, ముందటేడాది దాకా మనవాడే. మొదటి బ్యాటర్‌గా పగాన్ బంతిని గోడ దాకా కొట్టి, బేస్‌లన్నీ చుట్టి హోమ్‌కి వచ్చేశాడు. అక్షింతల పసుపు చేతులకి ఉండగానే రాశాను, పేజీ మూలన ఆ మరక ఉంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 9-7తో వాళ్ళు ముందున్నారు, మనవాళ్ళు ఇద్దరు బేస్‌ల మీద, ఒక్కరూ ఔటవలేదు. ఫ్రాంకూర్ బలంగా కొట్టాడు. వాళ్ళ సెకండ్ బేస్ ఆటగాడు ఎరిక్ బ్రంట్లెట్ దాన్ని పట్టాడు, ఒకరు. రెండో బేస్ తొక్కాడు, ఇద్దరు. ఎదురుగా పరుగెత్తుకొస్తున్న మర్ఫీని తాకాడు, ముగ్గురు. ఒక్క మనిషి, ఒక్క బంతికి, ముగ్గుర్నీ ఔట్ చేసి ఆట ముగించాడు. మెట్స్ ఆడే నేషనల్ లీగ్ చరిత్రలో అలా ఆట ముగియడం అదే మొదటిసారి.

మామూలు టైముకి నాన్నకి ఫోన్ చేశాను. ఒక్కొక్క అడుగూ చెప్పించుకున్నారు. బంతి, బేస్, మనిషి. "అబ్బా!" అన్నారు. ఆ అబ్బాలో బాధ లేదు, అద్భుతం చూసినవాడి గొంతు అది. "జీవితంలో ఒక్కసారి కూడా చూడలేం కదమ్మా ఇలాంటిది. నువ్వు చూశావు." నాకు ఏడుపూ ఆగింది, కోపమూ పోయింది. 4 అని అంకె వేసి, గడి పక్కన చిన్న నక్షత్రం పెట్టుకున్నాను.

రెండు రోజులకి సంటానాకి మోచేతి ఆపరేషన్ అని ఖరారైంది. నాకు గుండె గుభేల్‌మనలేదు. ఎవరు వేస్తారు మరి, అనిపించింది అంతే.

సెప్టెంబర్ 1న రైట్ డెన్వర్‌లో తిరిగొచ్చాడు, పెద్ద గుమ్మడికాయంత కొత్త రకం హెల్మెట్ పెట్టుకుని. జనం ఆ హెల్మెట్ చూసి నవ్వారు. నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఓడిపోయిన సీజన్లో, గెలవడానికి ఏమీ మిగలని నెలలో, తల మీద దెబ్బ తిన్న రెండు వారాలకి మళ్ళీ ఆ బంతి ముందు నిలబడటానికి వచ్చాడు. బెల్ట్రాన్ కూడా వచ్చాడు వారానికి. అప్పటికి ఎంత వెనకబడ్డామో లెక్క పెట్టడం మానేశాను. ఏడాది మొత్తానికి జట్టంతా కలిపి 95 హోమ్ రన్లు, ముప్ఫై జట్లలో అందరికంటే తక్కువ. అందులో ఎక్కువ కొట్టింది మర్ఫీ, పన్నెండు.

అక్టోబర్ 4 ఆఖరి ఆటకి మావారినీ, పై ఫ్లాట్ పెద్దాయన్నీ తీసుకుని వెళ్ళాను. మధ్యాహ్నం ఎండ, సగం సీట్లు ఖాళీ. పిచ్చర్ నెల్సన్ ఫిగెరోవా. బ్రూక్లిన్ కుర్రాడు, చిన్నప్పటి నుంచీ మెట్స్ అభిమాని. తైవాన్‌లో కూడా ఆడి వచ్చి, ఆ ఏడాదంతా బఫెలోకీ ఇక్కడికీ తిరుగుతూ గడిపాడు. వయసు 35. ఆ రోజు హ్యూస్టన్ మీద తొమ్మిది ఇన్నింగ్స్‌లూ తనే వేసి ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. 4-0. నా పుస్తకంలో అవతలి జట్టు పక్క తొమ్మిది సున్నాలు వరసగా ఉన్నాయి, ముత్యాల్లాగా. పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే ఆయన చేతులు వణికాయి. 70 గెలుపులు, 92 ఓటములు, మా అయిదు జట్ల విభాగంలో నాలుగో స్థానం. మేం జనమంతా వెళ్ళిపోయేదాకా కూర్చున్నాం.

ఆ నెలాఖరున వరల్డ్ సిరీస్ యాంకీస్‌కీ ఫిలడెల్ఫియాకీ పడింది. నేను చూడలేదు. నాన్న కూడా అడగలేదు.

2010 ఏప్రిల్ 5. కొత్త సీజన్ మొదటి ఆట మధ్యాహ్నం, అంటే తెనాలిలో రాత్రి పదకొండు దగ్గర. పడుకోకుండా కూర్చున్నారు నాన్న. ఆఫీసుకి సెలవు పెట్టి, కొత్త పుస్తకం తెరిచి, ఫోన్ చెవికి ఆనించుకున్నాను.

"రెయెస్ వచ్చాడా?"

"లేదు నాన్నా. థైరాయిడ్ అట, ఇంకొన్ని రోజులు పడుతుంది."

"బెల్ట్రాన్?"

"మోకాలికి ఆపరేషన్ అయింది. మర్ఫీకి కూడా పోయిన వారం మోకాలికి దెబ్బ తగిలింది."

నాలుక చప్పరిస్తారేమో అని చూశాను. ఆయన కాగితం సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది, పెన్ను క్యాప్ తీసిన చప్పుడూ.

"సరే, ఎవరు ఆడుతున్నారో చెప్పు. మెల్లిగా చెప్పు, రాసుకుంటాను."

"మొదట కోరా, షార్ట్‌స్టాప్."

"బొటనవేళ్ళు?"

"రెండూ బాగయ్యాయి నాన్నా."

"రాశాను. తర్వాత?"